హైవే పక్క ఎకరం: కట్టుకునేది ఎంత, వదిలేది ఎంత, గేటు ఎవరిది?

డిచ్‌పల్లి చుట్టుపక్కల 44వ నంబరు జాతీయ రహదారి వెంట భూమి అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట ‘హైవే ఫేసింగ్’. ధర ఆ మాటతోనే పైకి లేస్తుంది. కొనేవాళ్లు కూడా ముఖం ఎన్ని మీటర్లని అడుగుతారు. లోతు ఎంత, రోడ్డు మధ్య నుంచి గెట్టు దాకా దూరం ఎంత, లోపలికి బండి ఎటు నుంచి దిగుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. రిజిస్ట్రేషన్ అయ్యాక, ప్లాను గీయించే రోజున ఆ ప్రశ్నలే ఎదురొస్తాయి. హైవే పక్క స్థలానికి అసలు విలువ ముఖంలో కన్నా లోతులోనూ, ఆ లోతుకు చేరే దారిలోనూ ఉంటుంది. ఈ మాట నిజమో కాదో కొన్ని అంకెలతో తేల్చుకోవచ్చు.

ఇప్పుడే ఈ లెక్క ఎందుకంటే, డిచ్‌పల్లి ఉన్న చోటు అలాంటిది. దక్షిణాన ఇందల్వాయి టోల్‌గేటు, ఉత్తరాన ఆర్మూర్ పక్కన పెర్కిట్ కూడలి, మధ్యలో నిజామాబాద్‌కు మళ్లే దారి. రైల్వే స్టేషన్ ఉంది. 1915 నుంచి పేరున్న విక్టోరియా ఆస్పత్రి, గుట్ట మీద రామాలయం ఉన్నాయి. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం 577 ఎకరాల ప్రాంగణం ఇక్కడే. పక్క మండలం జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. వీటిలో ఏది ముందుకు కదిలినా గోదాములు, హోటళ్లు, హాస్టళ్లు, మడిగెలు, పెట్రోలు బంకులు హైవే వెంటే వరుస కడతాయి. ఆ వరుస ఎలా ఉండాలో ముందుగా గీసుకోవడమే కారిడార్ డిజైన్ నియమావళి.

మొదటి అంకెలు: 40, 75

హైవే పక్క కొలతలన్నీ రోడ్డు అంచు నుంచి కాకుండా రోడ్డు నడిమి గీత నుంచి మొదలవుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1980లో వెలువరించిన గ్రామీణ హైవేల ప్రమాణాలు (ఐఆర్‌సీ 73) మైదాన ప్రాంతంలో, ఊరు బయట, రెండు గీతలు గీశాయి. రోడ్డుకు రెండు వైపులా కట్టడాల మధ్య మొత్తం 80 మీటర్లు ఖాళీగా ఉండాలి, అంటే నడిమి గీత నుంచి ఒక్కో వైపు 40 మీటర్లు. ఇది బిల్డింగ్ లైన్, దీనికి ఇవతల గోడ లేవకూడదు. రెండోది కంట్రోల్ లైన్. రెండు వైపులా కలిపి 150 మీటర్లు, ఒక్కో వైపు 75. నలభైకీ డెబ్బై అయిదుకీ మధ్య కట్టుకోవచ్చు గానీ, ఏం కడుతున్నారు, ఎంత రద్దీ తెస్తుంది అన్నది చూసి ఒప్పుకోవాలి.

మూడో గీత హైవే సొంత భూమి సరిహద్దు. జాతీయ రహదారికి ఊరు బయట సాధారణంగా 45 మీటర్ల వెడల్పు, అవసరాన్ని బట్టి 30 నుంచి 60 మీటర్ల దాకా ఉండొచ్చని అదే పుస్తకం చెప్పింది. నాలుగు వరుసలుగా విస్తరించినచోట 60 మీటర్లు సేకరించడం మామూలు. ఆ భూమి ప్రభుత్వానిది. అందులో రేకుల షెడ్డు వేసినా, ర్యాంపు పోసినా జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం (2002) కింద తొలగించవచ్చు.

ఒక మెలిక ఉంది. ఐఆర్‌సీ పుస్తకం ప్రమాణం మాత్రమే, దానంతట అది చట్టం కాదు. అనుమతిచ్చే కార్యాలయం ప్లాను మీద ఆ గీతలు చూపించమని అడిగినప్పుడే వాటికి బలం. అడగనిచోట గోడ లేస్తుంది. విస్తరణ వచ్చిన రోజున కూలుతుంది.

ఒక ఎకరం లెక్క

ఊరు బయట హైవేను ఆనుకుని ఎకరం ఉందనుకుందాం. ఎకరమంటే 40 గుంటలు, 4,840 గజాలు, 4,047 చదరపు మీటర్లు. ముఖం 40 మీటర్లయితే లోతు 101 మీటర్ల చిల్లర. హైవే భూమి 60 మీటర్లనుకుంటే నడిమి గీత నుంచి 30 మీటర్ల దగ్గర మన గెట్టు మొదలవుతుంది.

బిల్డింగ్ లైన్ 40 దగ్గర. కాబట్టి ముందున్న 10 మీటర్ల పట్టీలో కట్టడం ఉండదు. అది 400 చదరపు మీటర్లు, అటు ఇటుగా 4 గుంటలు. అక్కడి నుంచి కంట్రోల్ లైన్ దాకా ఇంకో 35 మీటర్లు: 1,400 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర 14 గుంటలు. ఆ వెనక మిగిలింది 56 మీటర్ల లోతు: దాదాపు 2,250 చదరపు మీటర్లు, 22 గుంటలు.

అంటే ‘హైవే ఫేసింగ్’ ఎకరంలో హైవే ఆంక్షలేవీ లేని భాగం సగానికి కొంచెం ఎక్కువ, అదీ వెనక వైపే. హైవే భూమి 60 కాక 45 మీటర్లే ఉన్నచోట మన గెట్టు రోడ్డుకు ఇంకా దగ్గరగా, 22.5 మీటర్ల దగ్గర వస్తుంది. అమ్మేవాడు దాన్నే గొప్పగా చెబుతాడు. లెక్క మాత్రం తిరగబడుతుంది: ముందు వదలాల్సింది 10 మీటర్లు కాస్తా 17.5 మీటర్లవుతుంది. 700 చదరపు మీటర్లు, దాదాపు 7 గుంటలు. రోడ్డుకు ఎంత దగ్గరైతే కట్టుకునే నేల అంత తగ్గుతుంది. అందుకే పాస్‌బుక్కులో విస్తీర్ణం చూసి ఊరుకోకుండా, హైవే సరిహద్దు రాయి ఎక్కడుందో టేపు పట్టి కొలుచుకోవాలి.

ఊరి లెక్క వేరు: 7.5

ఇదే ఎకరం పట్టణ నిబంధనలు వర్తించే ప్రాంతంలో ఉంటే ఇంకో కొలత వస్తుంది. 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168 నంబరు జీవో, అంటే ఇప్పటి తెలంగాణ భవన నిబంధనలు, ఖాళీ స్థలాన్ని రోడ్డు నడిమి నుంచి కాకుండా ప్లాటు హద్దు నుంచి కొలుస్తాయి. 300 చదరపు మీటర్లు దాటిన ప్లాటు 30 మీటర్లకు మించిన రోడ్డును ఆనుకుని ఉంటే ముందు 7.5 మీటర్లు వదలాలి. అదే ప్లాటు 12 మీటర్ల లోపు రోడ్డు మీద ఉంటే 3 మీటర్లు చాలు. పక్కలా వెనకా వదిలేది ప్లాటు పెరిగేకొద్దీ, ఎత్తు పెరిగేకొద్దీ పెరుగుతుంది. 2,500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు 5 మీటర్లు, 15 మీటర్ల వరకు 6, 18 మీటర్లలోపు 7.

మన ఎకరానికి హైవే గీత ప్రకారం ముందు 10 మీటర్లు, భవన నిబంధన ప్రకారం 7.5. రెంటిలో పెద్దదాన్ని పాటించినవాడికి ఏనాడూ నష్టం రాదు. చిక్కు వచ్చేది ఊరు పెరిగి హైవేను చుట్టుకున్నప్పుడు. ఇళ్లు దట్టంగా ఉన్నచోట బిల్డింగ్ లైన్ రోడ్డు హద్దుకు 3 నుంచి 6 మీటర్ల దూరంలో ఉన్నా చాలని ఐఆర్‌సీయే సడలింపు ఇచ్చింది. నిన్నటి దాకా పొలం, నేడు ఊరు. ఒకడు 10 మీటర్లు వదిలి కడితే, రెండేళ్ల తర్వాత పక్కవాడు 4 మీటర్లతో ముందుకొస్తాడు. వదిలినవాడి దుకాణం పక్కగోడ చాటున పడుతుంది. నియమం పాటించినందుకు గిరాకీ పోగొట్టుకున్నానని అతను అనుకుంటే తప్పు పట్టలేం. అందుకే కిలోమీటరు పొడవునా ఒకే గీత ముందుగా ప్రకటించాలి.

సెకనుకు 27.8 మీటర్లు

కట్టడం కన్నా పెద్ద తగువు గేటు దగ్గర. నాలుగు వరుసల విభజిత హైవే మీద కార్లకు కేంద్రం 2018లో గంటకు 100 కిలోమీటర్ల గరిష్ఠ వేగం అనుమతించింది. అంటే సెకనుకు 27.8 మీటర్లు. ముందు ఏదో అడ్డొచ్చిందని డ్రైవర్ గమనించి బ్రేకు మీద కాలు పెట్టేసరికి ఇంజినీర్లు 2.5 సెకన్లు లెక్కగడతారు. ఆ లోపే బండి 69 మీటర్లు దాటేస్తుంది. పూర్తిగా ఆగడానికి కావాల్సిన కనుచూపు దూరం 100 వేగంలో 180 మీటర్లు, 80లో 120, 60లో 80.

ఇప్పుడు కిలోమీటరు పొడవునా 40 మీటర్ల ముఖంతో ప్లాట్లు పడ్డాయనుకోండి. ఒక వైపు 25 ప్లాట్లు. ఎవరి గేటు వారిదే అయితే 25 గేట్లు. వంద వేగంతో వచ్చే కారుకు సెకన్నరకో గేటు ఎదురవుతుంది. డ్రైవర్ ఆగడానికి కావాల్సిన 180 మీటర్లలో నాలుగైదు గేట్లు ఉంటాయి. వాటిలో ఎక్కడి నుంచైనా ట్రాక్టరో, స్కూటీయో, కాలినడకన మనిషో రావచ్చు.

దేశం లెక్క దీన్నే చెబుతోంది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీద, అంటే నూటికి 36 మంది. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా 2 శాతం చుట్టుపక్కలే. అదే ఏడు చనిపోయినవాళ్లలో పాదచారులు 32,825 మంది.

హైవే పక్క భూమి ఉన్నంత మాత్రాన హైవే మీదికి గేటు తెరిచే హక్కు రాదు. 2002 చట్టం ప్రకారం రహదారి యంత్రాంగం అనుమతి ఉంటేనే ప్రవేశం. పెట్రోలు బంకులు, హోటళ్లు, ప్రైవేటు ఆస్తుల ప్రవేశ మార్గాల మీద కేంద్ర రోడ్డు రవాణా శాఖ మార్గదర్శకాలు ఇస్తూ వచ్చింది, 2020 జూన్‌లో వాటిని సవరించింది. వాటి సారం ఒకటే: బండి వేగం తగ్గించుకోవడానికి ఒక వరుస, మళ్లీ వేగం అందుకోవడానికి ఒక వరుస ఉండాలి. ఒక్కో గేటుకు అంత ఏర్పాటు 40 మీటర్ల ముఖంలో పట్టదు. నలుగురైదుగురు కలిస్తే పడుతుంది.

రెండు కిలోమీటర్ల డివైడర్

రాంగ్ సైడ్‌లో వచ్చే బండ్లను తిట్టని డ్రైవర్ ఉండడు. తిట్టేముందు ఒక అంకె చూడాలి. నాలుగు వరుసల హైవేల డిజైన్ మాన్యువల్ ప్రకారం డివైడర్‌లో రెండు ఖాళీల మధ్య కనీసం 2 కిలోమీటర్లు ఉండాలి. భద్రతకు అది మంచి నియమమే. కానీ రోడ్డుకు ఇటువైపు పొలం, అటువైపు మడిగె ఉన్న మనిషికి ఎదురుగా కనిపించే చోటికి చేరడానికి ముందుకు 2, వెనక్కి 2, మొత్తం 4 కిలోమీటర్ల ప్రయాణం పడొచ్చు. గంటకు 40 వేగంతో ఆరు నిమిషాలు. రాంగ్ సైడ్‌లో 200 మీటర్లు వెళ్తే 18 సెకన్లు.

ఆరు నిమిషాలకూ 18 సెకన్లకూ మధ్య తేడా ఉన్నంతకాలం బోర్డులు, చలాన్లు ఈ అలవాటును మాన్పలేవు. ఆ తేడాను తగ్గించేది సర్వీసు రోడ్డు, ఊరి దగ్గర అండర్‌పాస్. రెండు దిక్కులా రాకపోకలుండే సర్వీసు రోడ్డు ఉంటే 200 మీటర్ల దూరం 200 మీటర్లుగానే ఉంటుంది, హైవే ఎక్కే పని లేకుండా.

కట్టడానికి రాని నేల, దారికి వస్తుంది

సర్వీసు రోడ్డు సాధారణ వెడల్పు 7 మీటర్లు. దానికి 1.5 మీటర్ల కాలిబాట, దాని కింద మూతలున్న మోరీ, మరో 1.5 మీటర్ల చెట్ల వరుస కలపండి. మొత్తం 10 మీటర్లు. మన ఎకరంలో బిల్డింగ్ లైన్ ముందు కట్టడానికి వీల్లేకుండా మిగిలిన పట్టీ కూడా 10 మీటర్లే. కట్టుబడికి పనికిరాని ఆ 4 గుంటలు మిగతా 36 గుంటలకు దారి అవుతాయి.

హైవే భూమిలోనే సర్వీసు రోడ్డు వేసినచోట ఈ అవసరం రాదు. వేయనిచోట 25 మంది యజమానులు తలా 10 మీటర్లు కలిపితే కిలోమీటరు పొడవున 10,000 చదరపు మీటర్లు, అంటే హెక్టారు, రెండున్నర ఎకరాల లోపు, ఉమ్మడి దారిగా వస్తుంది. 25 గేట్లు పోయి మొదట ఒకటి, చివర ఒకటి మిగులుతాయి. వేగం తగ్గించుకునే వరుస రెండుచోట్ల వేస్తే చాలు, ఖర్చు 25 వాటాలు.

దీనికి అడ్డు ఒకటే: మధ్యలో ఒక్కడు ప్రహరీ కట్టి, ర్యాంపు పోసుకుంటే దారి తెగిపోతుంది. ఆ ఒక్కడి వల్ల మిగతా 24 మందికి హైవే ఎక్కక తప్పదు. అందుకే దీన్ని సద్భావనకు వదలకుండా అనుమతి పత్రంలో షరతుగా రాయాలి. పట్టీని స్థానిక సంస్థ పేరున రాసిచ్చినవాళ్లకు బదులుగా అదనపు అంతస్తులో, బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కులో ఇచ్చే పద్ధతి తెలంగాణ పట్టణాల్లో రోడ్డు విస్తరణకు ఇప్పటికే ఉంది. దాన్ని కారిడార్‌కు వాడుకోవచ్చు.

11 మడిగెలా, 40 మడిగెలా?

ముఖం కన్నా లోతు ఎందుకు మేలో చూద్దాం. మూడున్నర మీటర్ల వెడల్పు మడిగెలు హైవేకు ఎదురుగా వరుసగా కడితే 40 మీటర్లలో 11 పడతాయి. వెనక గోదామో, ఖాళీ నేలో మిగులుతుంది. దారి మూసుకుపోతుంది కాబట్టి ఆ నేల చవకైపోతుంది.

అలా కాకుండా ఎకరం మధ్యలో 12 మీటర్ల సందు లోపలికి తీసి, దానికి రెండు వైపులా మడిగెలు పెడితే? వెనకా పక్కలా వదలాల్సినవి, బండి తిరిగే చోటు తీసేసి 70 మీటర్ల లోతే వాడుకున్నా ఒక్కో వైపు 20, మొత్తం 40 మడిగెలు. హైవే మీద కనబడవు కదా అంటారు. వంద వేగంలో పోయేవాడు 11 బోర్డులూ ఎలాగూ చదవలేడు. ముందు ఒక పెద్ద ఉమ్మడి బోర్డు ఉంటే దాన్ని చూసి దిగుతాడు. దిగినవాడు బండి ఆపి, పిల్లల్ని దించి, నాలుగు మడిగెలు తిరుగుతాడు. పక్కన లారీలు దూసుకుపోని చోటే అలా తిరగగలడు.

పార్కింగ్ లెక్క కూడా లోతు వైపే మొగ్గుతుంది. ఒక కారు ఆగడానికి, తిరగడానికి కలిపి ఆరుబయట 23 చదరపు మీటర్లు, స్తంభాల మధ్య స్టిల్ట్‌లో 28, సెల్లార్‌లో 32 కావాలని ప్రణాళికా ప్రమాణాలు చెబుతాయి. 30 కార్ల హోటలుకు ఆరుబయట 690 చదరపు మీటర్లు. బిల్డింగ్ లైన్‌కూ కంట్రోల్ లైన్‌కూ మధ్య ఉన్న 1,400 చదరపు మీటర్లలో అది సగమే. మిగతా సగంలో హోటలు పడుతుంది. అదే పార్కింగ్ రోడ్డు మీద పెడితే, 10 మీటర్ల లారీలు నాలుగు ఆగేసరికి 40 మీటర్ల ముఖం నిండిపోతుంది. అయిదోది పక్కవాడి గేటు ముందు ఆగుతుంది.

నిజామాబాద్ జిల్లాకు ప్రత్యేకమైన ఇంకో అవసరం ఉంది. కోతల కాలంలో వడ్లు, మక్కలు ఆరబోయడానికి కల్లాలు చాలక రైతులు రోడ్డెక్కుతారు. సర్వీసు రోడ్డు వేసిన మొదటి సీజనులోనే దాని మీద సగం వెడల్పున వడ్లు పరుచుకుంటాయి. దాన్ని నేరంగా చూసినందువల్ల వడ్లు ఎండవు. గోదాము కట్టేవాడు వెనక వైపు కాంక్రీటు కల్లం కొంత వదిలితే, ఆ మేరకు పక్కన ఖాళీ స్థలంలో సడలింపు ఇస్తామని నియమావళిలో రాయొచ్చు. పసుపు, మక్క వ్యాపారం చేసే గోదాముకు ఆ నేల ఎలాగూ పనికొస్తుంది.

చప్పుడు, వాన, చెరువు

శబ్ద కాలుష్య నిబంధనలు (2000) నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దంటాయి. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఆస్పత్రి, విద్యాసంస్థ చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించినచోట 50, 40. ఎడతెగని ట్రాఫిక్ ఉన్న రోడ్డు చప్పుడు దూరం రెట్టింపయినప్పుడల్లా సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. నడిమి గీతకు 20 మీటర్ల దగ్గరున్న హాస్టల్ గదిని 80 మీటర్లకు జరిపితే తగ్గేది 6. మధ్యలో మడిగెల వరుస అడ్డుంటే ఇంకా తగ్గుతుంది. దీని అర్థం సులువు: ముందు పార్కింగ్, నడుమ దుకాణాలు, పడుకునే గదులు చివర. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో హాస్టళ్లు హైవేకు ఆనుకుని కట్టడం విద్యార్థి నిద్రను అమ్ముకోవడమే.

వాన లెక్క మరీ మొండిది. ఎకరంలో సగం, 2,000 చదరపు మీటర్లు, స్లాబులు, సిమెంటు నేల అయితే గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు లక్ష లీటర్లు బయటికి పరుగెడతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 20. కిలోమీటరుకు 25 ప్లాట్లుంటే 500 ట్యాంకర్ల నీళ్లు ఒకే గంటలో హైవే పక్క మోరీలోకి. హైవే కట్ట మీద ఉంటుంది, నీళ్లు దాటేది కల్వర్టుల కిందనే. ఒక్కరు కల్వర్టు నోటికి అడ్డంగా మట్టి పోసి చదును చేస్తే ఎగువ పొలాలు మునుగుతాయి.

168 జీవోలో దీనికీ అంకెలున్నాయి. 10 హెక్టార్లు, ఆ పైబడిన చెరువుకు నిండుమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన వాగు, కాలువకు 9 మీటర్లు, అంతకన్నా చిన్న ఒర్రెకు 2 మీటర్లు. గొలుసుకట్టు చెరువుల జిల్లాలో ఈ నాలుగు అంకెలు ప్లాను మీద ముందుగా గీయాలి, ఆ తర్వాతే గదులు. రైలు పట్టాలూ ఊళ్లో నుంచే పోతున్నాయి కాబట్టి, రైల్వే హద్దుకు 30 మీటర్లలోపు కట్టాలంటే రైల్వే సమ్మతి కావాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఇతరులు ఏం చేశారు

రోడ్డు వెంట ఊళ్లు దారంలా సాగిపోవడం కొత్త బెడద కాదు. బ్రిటన్ 1935లోనే దీని మీద ప్రత్యేక చట్టం చేసింది. వర్గీకరించిన రోడ్ల నడిమి నుంచి 220 అడుగులలోపు, అంటే 67 మీటర్లలోపు, అనుమతి లేకుండా కట్టడమూ, గేటు తెరవడమూ కుదరదంది. మన 75 మీటర్ల కంట్రోల్ లైన్‌కు అది ఎంత దగ్గరో చూడండి.

మన రాష్ట్రంలో దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డుకు రెండు వైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్‌గా గుర్తించి 2008లో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. పొడవును వెడల్పుతో గుణిస్తే 300 చదరపు కిలోమీటర్ల పైమాట. అక్కడి మూలసూత్రం ప్రధాన రోడ్డెక్కేది ఇంటర్‌ఛేంజుల దగ్గరే, పక్క ఆస్తులకు దారి సర్వీసు రోడ్డు నుంచే. ఆ కారిడార్‌లో తప్పొప్పుల మీద వాదనలు ఎన్నున్నా, ప్రతి ప్లాటుకూ రింగు రోడ్డు మీదికి గేటు అన్న ఆశ మాత్రం మొదట్లోనే మూసేశారు. జాతీయ రహదారికి ఆ కట్టుదిట్టం లేదు. అక్కడ కంచె చేసిన పని ఇక్కడ నియమావళి చేయాలి.

కొలత ముందే చెప్పకపోతే ఏమవుతుందో 2016 చూపించింది. ఆ డిసెంబరు 15న సుప్రీంకోర్టు హైవేలకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు వద్దంది. 2017 మార్చి 31న 20 వేల జనాభాలోపు స్థానిక సంస్థల పరిధిలో దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. పట్టణ పరిధికి సడలింపు ఆ తర్వాత వచ్చింది. దుకాణాలు జరిపినవాళ్లు, కిరాయికిచ్చినవాళ్లు, కొన్నిచోట్ల రోడ్డు పేరే మార్చిన ప్రభుత్వాలు, అందరూ టేపు పట్టుకుని తిరిగారు. ఉన్న కట్టడానికి కొత్త గీత గీస్తే గొడవ ఖాయం. ఖాళీ పొలానికి గీస్తే అది సమాచారం మాత్రమే.

కాగితాల వరుస

హైవే పక్క కట్టాలనుకునేవాళ్లు సాధారణంగా కట్టడం మొదలుపెట్టి, గేటు గురించి చివర ఆలోచిస్తారు. వరుస తిరగేయాలి.

మొదట హైవే హద్దు, నడిమి గీత నుంచి దూరం. జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు అమలు కార్యాలయంలో అడిగి, విస్తరణ ప్రతిపాదన ఉందేమో కూడా తెలుసుకోవాలి. రెండోది ప్రవేశ అనుమతి. మూడోది వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం. ఇది 2006 నాటి చట్టం కింద తహసీల్దారు దగ్గర, ఇప్పుడు భూభారతి పోర్టల్ ద్వారా. నాలుగోది నీటిపారుదల, రైల్వే సమ్మతులు, అవసరమైనచోట. చివరిది భవన అనుమతి. స్థలం 2017లో ఏర్పడ్డ నిజామాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (నుడా) పరిధిలోకి వస్తే మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చూడాలి.

ఇక్కడొక కిటుకుంది. 2020 నాటి బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్లలోపు, 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి దొరుకుతుంది. అంతకు మించితే ఏకగవాక్షంలో 21 రోజుల గడువు. అనుమతి త్వరగా రావడం మంచిదే. కానీ ఎకరాన్ని 500 చదరపు మీటర్లలోపు ముక్కలు చేస్తే ఒక్కోటీ సులువుగా దాటిపోతుంది, మొత్తం కారిడార్ మాత్రం ఎవరి కంటా పడదు. త్వరిత అనుమతి ఉన్న రోజుల్లో ముందుగా గీసిన నియమావళి ఇంకా ఎక్కువ అవసరం. పరిశీలించే అధికారి లేనిచోట, యజమాని సంతకం పెట్టే కాగితంలోనే ఆ గీతలుండాలి.

డిచ్‌పల్లికి ఒక పేజీ

వందల పేజీల మాస్టర్ ప్లాన్‌తో పనిలేదు. ఇందల్వాయి నుంచి పెర్కిట్ దాకా ఉన్న పంచాయతీలు, నుడా, రహదారి అధికారులు ఒప్పుకోదగిన ఒక పేజీ చాలు. అందులో ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదించేవి ఇవి:

1. నడిమి గీత నుంచి 40 మీటర్ల దగ్గర ఒకే బిల్డింగ్ లైన్, ఊరు బయటా, రేపు ఊరయ్యే చోటా.
2. గెట్టు నుంచి బిల్డింగ్ లైన్ దాకా పట్టీలో 7 మీటర్ల దారి, 1.5 కాలిబాట, 1.5 చెట్లు. అడ్డుగోడ, ర్యాంపు నిషేధం.
3. హైవే మీదికి సొంత గేటు ఎవరికీ లేదు. సర్వీసు దారి ఎక్కే చోట్లు కిలోమీటరుకు రెండే.
4. పార్కింగ్ మొత్తం ప్లాటు లోపలే. లారీలతో పనిపడే వ్యాపారమైతే లారీ తిరిగే చోటు ప్లానులో చూపాలి.
5. లోపలికి 12 మీటర్ల సందు తీసిన ప్లాటుకు ప్రోత్సాహం. వరుసగా రెండు ప్లాట్లు సందును పంచుకుంటే ఇంకా ఎక్కువ.
6. ప్లాటుకు విడివిడి హోర్డింగులు వద్దు. ఎక్కే చోట ఉమ్మడి బోర్డు.
7. కల్వర్టు, ఒర్రె, కుంట హద్దులు ప్లాను మీద గీయనిదే అనుమతి లేదు. ఇంకుడు గుంత తప్పనిసరి.
8. గుట్ట మీది రామాలయం హైవే నుంచి కనబడే దిక్కున ఎత్తు పరిమితి.

ఎనిమిదోది మినహా దేనికీ కొత్త అధికారం కావాల్సిన పనిలేదు. ప్రవేశం 2002 చట్టంలో, ఖాళీ స్థలాలూ చెరువు దూరాలూ 2012 నిబంధనల్లో, బిల్డింగ్ లైన్ 1980 ప్రమాణంలో ఉన్నవే. మూడు కార్యాలయాల బీరువాల్లో విడివిడిగా ఉన్నవాటిని ఒక పటం మీదికి తేవడమే పని.

లాభనష్టాలు కూడా తేలిగ్గా లెక్కకొస్తాయి. ఒక్కో యజమాని వదిలేది 4 గుంటలు, అదీ కట్టడానికి ఎలాగూ రాని నేల. దక్కేది 36 గుంటలకు ఏడాది పొడవునా దారి, 11 మడిగెల చోట 40 మడిగెల అవకాశం, విస్తరణ వచ్చినా కూలని గోడ. నష్టపోయేది ముందుగా ర్యాంపు పోసుకుని పక్కవాళ్ల గిరాకీ లాగుదామనుకున్న ఒక్కడే. పొలాలు ఇంకా పొలాలుగా ఉన్న కిలోమీటర్లలో ఆ ఒక్కడు ఇంకా పుట్టలేదు. కాబట్టి పని అక్కడ మొదలుపెట్టాలి. ఇప్పటికే కట్టుబడి నిండిన కూడళ్ల దగ్గర తగువులతో ఏళ్లు గడిపే బదులు, ఖాళీగా ఉన్న ఒక కిలోమీటరు ఎంచుకుని, అక్కడి 25 మందితో పంచాయతీలో ఒక గ్రామసభ పెట్టి, ఒక పేజీ మీద సంతకాలు తీసుకుంటే చాలు. ఆ కిలోమీటరులో కిరాయిలు ఎలా ఉన్నాయో చూశాక పక్క కిలోమీటరు యజమానులే కార్యాలయాల చుట్టూ తిరుగుతారు.